అలివేలు



కొలది దినముల క్రిందట చీరాలనుండి మాకొక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు మగ్గమును నమ్ముకొని బ్రతుకు కుటుంబమువారు. వారికి తొలిచూలు ఆడపిల్ల కలిగినది. పెద్దపిల్లకు నాయనమ్మ పేరు పెట్టుట ఆ ఇంటి ఆచారము. నాయనమ్మ పేరు అలివేలమ్మ. పిల్లతల్లికి ఆ పేరు సమ్మతము కాలేదు. "అర్థం లేని పేరు. రేపు బళ్లో పిల్లలు అలివేలూ కాలివేలూ అని ఏడిపిస్తారు. అది ఏడుస్తూ ఇంటికొస్తే మీరు ఊరుకోబెడతారా?" అని ఆమె అడిగినదట. ఆ మాట విని ముసలామె, "పోనీలేమ్మా, మంచి పేరే పెట్టుకోండి" అని లోపలికి పోయి, కండెలు చుట్టు రాట్నము ముందు కూర్చున్నదట.

ఉత్తరమున మరియొక బాధ కూడ కలదు. ఆ పెద్దామె పేరు రేషను కార్డులో అలివేలమ్మ అనియు, ఆధార్ కార్డులో అలవేలమ్మ అనియు, బ్యాంకు పుస్తకములో అలిమేలమ్మ అనియు ఉన్నదట. మూడు కాగితములలో మూడు పేర్లుండుటచే ఆమెకు రావలసిన పింఛను కొన్ని నెలలు ఆగిపోయినది. "ఇందులో నీ పేరేదమ్మా?" అని అడిగినప్పుడు, "ఎట్టా పిలిచినా పలికేదాన్ని నేనే గదయ్యా" అని ఆమె బదులు చెప్పెనట. పేరునకు అర్థమే లేదు కనుక ఎవరికి తోచినట్లు వారు వ్రాసిరని కోడలి వాదము.

చివర ఆయన వ్రాసినవి రెండే వాక్యములు: "అయ్యా, ఈ పేరుకు అర్థముంటే రేడియోలో చెప్పండి. ఇరవయ్యొకటో రోజున బారసాల, ఇంట్లో అందరం వింటాం."

ఉత్తరము మా చేతికి అందునప్పటికి ఆ పసిబిడ్డ పుట్టి తొమ్మిది దినములైనది. గడువు కొద్దిగా ఉన్నది. అందుచే ముందు అనుకొన్న ప్రసంగమును ప్రక్కకుపెట్టి, ఈ సాయంకాలము ఈ ఒక్క పేరును గూర్చి ముచ్చటింపబూనితిమి.

మొదట ఈ పేరునకు చెందని అర్థములను తొలగించుకొందము. చేతివేలికిని, కాలివేలికిని దీనితో చుట్టరికము లేదు. బడిపిల్లల ప్రాస ప్రాసయే గాని వ్యుత్పత్తి కాదు. కొందరు చదువుకొన్నవారు ఇది 'అలివేణి' అను మాటకు వికృతి అందురు. అలి అనగా తుమ్మెద, వేణి అనగా జడ. తుమ్మెదల బారువలె నల్లనై నిగనిగలాడు జడగల స్త్రీ అలివేణి. కావ్యములలో కవులు నాయికలను అట్లు సంబోధించిరి. చక్కని మాటయే, కాని అది సంస్కృత సమాసము. అలివేలు పుట్టినిల్లు వేరు, అలివేణి పుట్టినిల్లు వేరు.

అలివేలు పుట్టినిల్లు తమిళము. అచట దీని నిండు రూపము 'అలర్ మేల్ మంగై'. ఇందు మూడు మాటలున్నవి. అలర్ అనగా పువ్వు. మేల్ అనగా పైన. మంగై అనగా యువతి. తమిళులు స్త్రీ వయస్సును ఏడు దశలుగా విభజించి, అందు బాల్యము గడచి యౌవనమున అడుగుపెట్టు మూడవ దశకు మంగై అని పేరు పెట్టిరి. మూడు మాటలను కలిపి చదువగా 'పువ్వుమీది కన్నియ' అని అర్థము వచ్చును. ఏ పువ్వని పేరులో చెప్పలేదు, చెప్పనక్కర లేకపోయినది. పువ్వుపై కొలువుండునది లక్ష్మి, ఆమె పువ్వు తామర.

ఈ మాట నిన్న మొన్నటిది కాదు. వైష్ణవ ఆళ్వారులలో ముఖ్యుడైన నమ్మాళ్వారు తన తిరువాయ్‌మొళిలో తిరువేంగడమును స్తుతించు పాశురములలో, స్వామి వక్షమున వసించు లక్ష్మిని ఈ పేరుతోనే పిలిచెను. అనగా వేయి సంవత్సరములకు పైబడి ఈ పేరు తిరుమల దేవునితో జతపడి వినబడుచున్నది. ఆ కొండ తమిళమునకును తెలుగునకును సరిహద్దు. సరిహద్దులోని దేవునికి రెండు ప్రక్కల భక్తులు ఉందురు. రెండు భాషల మాటలును అచట కలిసి తిరుగును. అట్లు కొండ దిగి మన ఇండ్లకు వచ్చిన మాట ఇది.

వచ్చినది పరాయి మాట అని తలపవలదు. ఈ మూడింటిలో మొదటి రెండు మనకును పుట్టింటివే. తెలుగున అలరు అనగా పువ్వు. పూలవిల్లు ధరించిన మన్మథుని మన కవులు అలరువిల్తుడనిరి. అలరుట అను క్రియకు వికసించుట, శోభిల్లుట, సంతోషించుట అను అర్థములు నేటికిని వాడుకలో ఉన్నవి. ఒక సభ అందరిని అలరించినదని పత్రికలలో చదువుచునే యున్నాము. మేలు అను మాటకు మంచి అను అర్థమే నేడు మిగిలినది గాని, పూర్వము పైన అను అర్థము కూడ ఉండెడిది. పెండ్లి పందిటిలో పైన కట్టు వస్త్రమును మేలుకట్టు అందుము. ఒకనికంటె మరియొకడు మించినచో వానిది మేలుచేయి అందుము. ఆ మేలే అలివేలులోని వేలు. మంగ మాత్రము ఈ పేరుతోడను, ఈ పేరు ముక్కలతోడను మన ఇండ్లకు వచ్చి మంగమ్మయై, మంగతాయారై స్థిరపడినది. తాయారు అనగా తల్లి. వైష్ణవాలయములలో అమ్మవారిని అట్లు పిలుతురు.

ఇక అలర్‌మేల్ అను మాట అలివేలు ఎట్లైనదో చూతము. ఇది వ్యాకరణ విషయమైనను కష్టమైనది కాదు. మన నోటిలో దినదినము జరుగుచున్నదే.

మాట చివర హల్లును విడిచిపెట్టుట తెలుగునకు ఇష్టము లేదు. తమిళుడు పాల్ అనును, మనము పాలు అందుము. వాడు కాల్ అనును, మనము కాలు అందుము. అట్లే మేల్ అనునది మేలు అయినది. అలర్ లోని చివరి రేఫము మకారముతో తగిలి నలిగి జారిపోయినది. అప్పుడు మిగిలినది అలమేలు. తమిళ దేశమున నేటికిని ఈ పేరుగల స్త్రీలను అలమేలు అనియే పిలుతురు. మనవారు మరి రెండడుగులు వేసిరి. తరువాతి అచ్చు ముందరి అచ్చును తనవైపు లాగుకొనుట తెలుగు నాలుకకు అలవాటు. అడుగు అను క్రియ అడిగి అగుట చూచుచున్నాము గదా! అట్లు అలమేలు అలిమేలు అయినది. నడుమనున్న మకారము మెత్తబడి వకారమగుట రెండవ అడుగు. మామను మావ అనుట, మామయ్యను మావయ్య అనుట, మామిడిని మావిడి అనుట మన పల్లెలలో విననివారెవరు? అట్లే అలిమేలు అలివేలు అయినది.

చీరాలలోని శ్రోతగారూ! ఇచట మీరు ఒక్క క్షణము ఆగి మీ అమ్మగారి బ్యాంకు పుస్తకమును తెరచి చూడుడు. అందున్న అలిమేలమ్మ అను రూపము తప్పని మీరు అనుకొంటిరి. వ్రాసినవారు తెలియకయే వ్రాసియుందురు. కాని అలమేలునకును అలివేలునకును నడుమనున్న మెట్టు అదే. కాగితములలో పేరు ఒక్క తీరుగా లేకపోవుట నిజముగా చిక్కే. దానివలన ముసలివారు పడు శ్రమ చిన్నది కాదు. కాని ఆ తేడాలు పేరునకు అర్థము లేకపోవుటచే కలిగినవి కావు. పేరు చిరకాలము నోళ్లలో నడచి వచ్చుటచే కలిగినవి.

గ్రంథములలో ఈ పేరు పాతరూపముననే నిలిచినది. తాళ్లపాక అన్నమాచార్యుడు 1408వ సంవత్సరమున పుట్టి 1503లో గతించెను. ఆయన మనుమడు చిన్నన్న తన తాత చరిత్రను ద్విపదలో వ్రాయుచు, ఆయన 32,000 సంకీర్తనములు రచించెనని చెప్పెను. అందు దొరకినవి తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి దాపరికమున ఉండి, ఇరువదవ శతాబ్దిలో వెలికి వచ్చినవి. ఆ కీర్తనములలో శ్రీవేంకటేశ్వరుని పేరు ఎంత తరచుగా వచ్చునో, శృంగార కీర్తనములలో అలమేలుమంగ పేరును అంత తరచుగా వచ్చును. ఆమె ఆయన పదములలో అలుగును, నవ్వును, చెలికత్తెలతో ముచ్చటలాడును. ఇరుగుపొరుగు ఇంటి ఇల్లాలివలె మెలగును.

చిన్నన్న చెప్పిన కథ యొకటి ఉన్నది. అన్నమయ్య ఎనిమిదేండ్ల బాలుడై యుండగా ఎవ్వరికిని చెప్పకుండ తిరుపతి యాత్రకు బయలుదేరెను. కాళ్లకు చెప్పులతో కొండ ఎక్కుచు, మోకాళ్ల మెట్టు వద్ద అలసి, ఆకలితో సొమ్మసిల్లి పడెను. అప్పుడు అమ్మవారు పెద్ద ముత్తైదువ రూపమున వచ్చి, చెప్పులు విడిచి ఎక్కుమని బుజ్జగించి, ప్రసాదము పెట్టెనట. ఆ పిల్లవాడు ఆమెపై అప్పటికప్పుడే శతకము చెప్పెనట. వేంకటేశ్వరుని పేరుగల ఆ శతకమున ప్రతి పద్యమునను అలమేలుమంగయే ఉండును. ఆకలిగొన్న పిల్లవానికి అన్నము పెట్టిన చేయి ఆ పేరు వెనుక ఉన్నదని మన పూర్వులు తలచిరి.

తిరుపతికి సమీపమున తిరుచానూరున వెలసిన అమ్మవారిని సంస్కృతమున పద్మావతి అందురు. ఆ ఊరికి అలమేలుమంగాపురమనియు పేరు. అచటి కోనేరు పద్మసరోవరము. అమ్మవారు ఆ సరోవరమున తామరపువ్వునందు ఆవిర్భవించెనని స్థలపురాణము. ఏటేట కార్తికమాసమున జరుగు బ్రహ్మోత్సవములు పంచమీతీర్థముతో ముగియును. పద్మావతి అనగా పద్మము గలది. అలమేలుమంగ అనగా పువ్వుపైనున్న కన్నియ. ఒకటి సంస్కృతము, ఒకటి దక్షిణదేశపు భాష, భావము ఒక్కటే.

ఇచట ఒక చిన్న న్యాయము ఆలోచింపదగియున్నది. ఆడపిల్లకు పద్మావతి అని, పద్మజ అని, పద్మ అని పేరు పెట్టినచో అర్థవంతమైన పేరు పెట్టిరని నలుగురు మెచ్చుకొందురు. అదే అర్థముగల అలివేలు మాత్రము అర్థము లేని పేరైనది! సంస్కృతమున చెప్పినచో నాగరకము, మన అమ్మమ్మల నోట చెప్పినచో మోటు అను లెక్క ఎవరు వేసిరో తెలియదు గాని, ఆ లెక్కలో అనేకములైన పాతపేర్లు కొట్టుకొనిపోయినవి. వేంకటేశ్వర్లు, శ్రీనివాసరావు అను పేర్లుగల పురుషులు నేటికిని వీధికి పదిమంది ఉందురు. వారి ఇంటనే అలివేలు అను పేరు నాయనమ్మలతో ఆగిపోవుచున్నది. దేవుని పేరు నిలిచి, దేవేరి పేరు మరుగునపడుట వింతయే గదా!

పేర్లు పెట్టుటలో మన పల్లెలవారు యాత్రలను, మ్రొక్కులను జ్ఞాపకముంచుకొనిరి. కోటప్పకొండకు మ్రొక్కుకొన్నచో కోటయ్య, కోటమ్మ. తిరుపతికి మ్రొక్కుకొన్నచో తిరుపతయ్య, తిరుపతమ్మ, వేంకటమ్మ, అలివేలమ్మ. కనుక అలివేలమ్మ అను పేరు వినినప్పుడు, ఆమె పుట్టుకకు పూర్వము ఎవరో ఒక తల్లి ఏడుకొండలవైపు తిరిగి చేతులు జోడించి యుండునని ఊహింపవచ్చును. చీరాల ప్రాంతపు నేతపనివారికి ఈ పేరు మరింత చనవైనది. పద్మశాలీలు పద్మావతీదేవిని తమ ఇంటి ఆడపడుచుగా భావింతురు. మగ్గముమీద నేసిన చీర కట్టుకొను అమ్మవారు తమ కులపు బిడ్డ అనుకొనుటలో ఎంత ఆత్మీయత కలదు!

ఊరి పేరును గూర్చియు ఇట్టి ముచ్చటయే కలదు. చీరాల అనునది క్షీరపురి నుండి వచ్చినదని పండితులు కొందరు చెప్పుదురు. మా ఊరి పేరులోనే చీర ఉన్నదని నేతగాండ్రు చెప్పుకొందురు. మగ్గము ముందు కూర్చున్నవానికి తన ఊరి పేరులో చీరయే వినబడుట సహజము. నిఘంటువు చెప్పు అర్థము ఒకటి. ఆ పేరుతో బ్రతికినవారు దానికి సంపాదించి పెట్టు అర్థము మరియొకటి.

ఈ రెండవ అర్థమును గూర్చి చెప్పుటకే ఇంతదూరము వచ్చితిమి. అలివేలమ్మ అను పేరునకు చీరాల ఊరే ఒక అర్థము సంపాదించి పెట్టినది.

1919లో నాటి మదరాసు ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసెను. అప్పుడది గుంటూరు జిల్లాలోని ఊరు; తరువాత 1970లో ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును చేరినది. మునిసిపాలిటీ వచ్చుటతో పన్నులు అనేక రెట్లు పెరిగినవి. ఊరిలో అధికులు నేతపనివారు, చిన్న రైతులు. మాకీ మునిసిపాలిటీ వలదని వారు ఎంత మొరపెట్టుకొన్నను ప్రభుత్వము వినలేదు. అప్పుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడై నిలిచెను. ఎడింబరోలో చదివి వచ్చిన ఆయన రామదండు అను స్వచ్ఛంద సేవాదళమును సమకూర్చెను. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము ముగిసిన పిమ్మట గాంధీజీ చీరాలకు వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట ఒక మార్గము, ఊరే విడిచి వెలుపలికి పోవుట మరియొక మార్గము అని చెప్పెను. జనులు రెండవ మార్గమును పట్టిరి. వేలకొలది కుటుంబీకులు ఇండ్లకు తాళములు వేసి, మునిసిపాలిటీ ఎల్లకు ఆవల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని, ఎండకు వానకు ఓర్చి సుమారు 11 నెలలు నివసించిరి.

ఆ ఉద్యమ దినములలో పన్ను చెల్లింపనని నిలిచి శిక్షపొందినవారిలో ఒక స్త్రీ కలదు. ఆమె పేరు రావూరి అలివేలమ్మ. దేశమున రాజకీయ కారణమున చెఱసాలకు పోయిన తొలి స్త్రీలలో ఆమెను చరిత్రకారులు లెక్కింతురు. ఉప్పు సత్యాగ్రహమున స్త్రీలు వందలుగా చెఱసాలలకు పోవుటకు అప్పటికింకను దాదాపు తొమ్మిదేండ్లున్నవి. ఇల్లాలు వీథిగడప దాటుటయే పెద్దమాటగా నున్న కాలమున, ఒక చిన్న ఊరి స్త్రీ ఇది అన్యాయము, నేను కట్టను అని నిలిచి చెఱసాల గడప దాటెను.

అమ్మా, పసిబిడ్డ తల్లీ! ఇప్పుడు మీతో ఒక మాట. మీ భయమును మేము తేలికగా తీసికొనుట లేదు. పేరు పెట్టునది పెద్దలు, మోయునది పిల్ల. బడిలో ఎగతాళికి గురియైన పిల్ల దుఃఖము పెద్దలకు చిన్నదిగా కనబడును గాని, పిల్లకు అదే లోకము. పెద్దల ఆచారమను పేరుతో ఆ దుఃఖమును బిడ్డ నెత్తిన పెట్టుమని మేము చెప్పజాలము. కాని ఆ పేరునకు అర్థము లేదని మాత్రము ఇక అనకుడు. పువ్వుమీది కన్నియ అని దానికర్థము. ఆకలిగొన్న బాలునికి అన్నము పెట్టిన తల్లి అని దానికర్థము. మీ ఊరిలో మాత్రము దానికి మరియొక అర్థము కూడ ఉన్నది: వంగని స్త్రీ. రేపు బడిలో ఎవరైన కాలివేలు అన్నచో, ఈ మూడింటిలో ఒకటి చెప్పుటకు ఆ పిల్లకు నోరుండును.

మీరు వేరొక పేరు కోరుకొన్నను దోషము లేదు. పద్మ అని పెట్టుకొన్నను నాయనమ్మ పేరే పెట్టినట్లగును. భాష మారినది గాని పువ్వు మారలేదు. తొందర కూడ లేదు. పుట్టుకను 21 దినములలోగా నమోదు చేయింపవలెను గాని, పేరును అప్పుడే వ్రాయింపవలెనను నిర్బంధము లేదు. ఏడాది లోపల రుసుము లేకుండ చేర్చించుకొనవచ్చును. ఏ పేరు వ్రాయించినను ఒక్క తీరుగా వ్రాయింపుడు. పుట్టిననాటి కాగితములో ఉన్న అక్షరములే బడిలోను, బ్యాంకులోను ఉండునట్లు చూచుకొనుడు. నాయనమ్మ పడిన తిప్పలు మనుమరాలు పడనక్కరలేదు.

కొడుకుగారికి కూడ ఒక మాట. మీ అమ్మగారు "మంచి పేరే పెట్టుకోండి" అని లోపలికి పోయినదని వ్రాసితిరి. తన పేరు మంచిది కాదని ఆమె నమ్మినట్లున్నది. బిడ్డకు ఏ పేరు పెట్టుదురో అది మీ ఇంటి నిర్ణయము. కాని ఆమెకు ఆమె పేరును తిరిగి ఇచ్చుట మాత్రము బారసాలకు ముందే జరుగవలసిన పని. ఈ ప్రసంగము జరుగువేళ ఆమె రాట్నము దగ్గర ఉన్నచో, కొంచెము సేపు రాట్నము ఆపి ఇటు వచ్చి కూర్చుండుమని చెప్పుడు.

బారసాలనాడు పళ్లెములో బియ్యము పోసి, ఉంగరముతో బిడ్డపేరు వ్రాయుదురు గదా! ఆ బియ్యములో ఏ అక్షరములు పడినవో మాకొక కార్డుముక్క వ్రాయుడు. ఏ పేరైనను సంతోషముతో చదువుకొందుము.